పునఃకథనంలో స్త్రీపాత్ర: శకుంతల నుండి శూర్పణఖ వరకు

ఢిల్లీలో కరోల్‌బాగ్ ప్రాంతాన్ని ఆనుకొని ఓల్డ్ రాజిందర్ నగర్ అనే పేట ఉన్నది. 1947 దేశవిభజనలో ఇల్లూ వాకిలీ విడిచి పశ్చిమ పంజాబునుండి వచ్చినవారికోసం వెలసిన కాలనీలలో అది ఒకటి. ప్రథమ రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ పేరు దానికి పెట్టినారు. నేడు ఆ పేట పేరు వినగానే శరణార్థులు స్ఫురించరు. సివిల్ సర్వీసు పరీక్షలకు కృషిచేసే యువతీయువకులు స్ఫురిస్తారు. వారిలో తెలుగునాటినుండి వెళ్ళినవారూ ఉన్నారు.

ఆ పరీక్షకు తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికాంశంగా ఎన్నుకొన్నవారికి నిర్ణయించిన కావ్యభాగాలలో మొదటిది నన్నయభట్టు ఆదిపర్వంలోని దుష్యంతచరిత్ర. రెండవది తిక్కన ఉద్యోగపర్వంలోని శ్రీకృష్ణరాయబారం. ఈ రెండు కథలలోను ఒక్కొక్క స్త్రీ, అధికారం గల పురుషుల ఎదుట నిలిచి, తనకు జరిగిన అన్యాయాన్ని తన నోటనే చెప్పుతుంది. మార్కులకోసం చదివే విద్యార్థికి అది పాత్రచిత్రణ అనే శీర్షిక కింద వ్రాయవలసిన సమాధానం. రచయితకు మాత్రం అది అంతకన్న పెద్ద ప్రశ్న. ఇతరుల కథలోనుండి తీసుకొన్న స్త్రీకి బలాన్ని ఎట్లా ఇవ్వడం? ఆ బలాన్ని చదువరిచేత ఎట్లా నమ్మించడం?

ఈ ప్రశ్న నేడు క్రొత్తగా ముందుకు వచ్చినది. ఒక ప్రసిద్ధకథమీద మక్కువ పెంచుకొన్నవారు అందలి పాత్రలను తీసుకొని సొంత కథలు అల్లడం ఇప్పటి యువలోకంలో విరివిగా సాగుతున్నది. ఫ్యాన్ ఫిక్షన్ అనే ఆంగ్లనామం దానికి స్థిరపడినది. పేరు క్రొత్తదే గాని పని తెలుగువారికి క్రొత్తది కాదు. తెలుగు కావ్యం పుట్టినదే పునఃకథనంతో. వ్యాసుని కథను నన్నయ మళ్ళీ చెప్పినాడు. నాటినుండి వేయేండ్లుగా కవులు, గాయనులు, నటులు, కథకులు పాతకథనే పట్టుకొని క్రొత్తమాట చెప్పుతూ వచ్చినారు. అందులో స్త్రీపాత్ర ఎట్లా బలపడినదో పరిశీలిస్తే నేటి రచయితకు పనికివచ్చే పాఠాలు దొరుకుతాయి.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. స్త్రీపాత్రను ఉన్నతంగా చూపడమంటే ఆమెను దేవతను చేయడమని చాలామంది భావిస్తారు. ఓల్డ్ రాజిందర్ నగర్ వంటి కాలనీలు వెలసిన రోజులలోనే ఈ భావనలోని ప్రమాదాన్ని ఒక ఉర్దూ కథ బయటపెట్టినది. విభజన కల్లోలంలో సరిహద్దుకు రెండువైపులా వేలాది స్త్రీలు అపహృతలైనారు. వారిని వెదకి తెచ్చి స్వజనులకు అప్పగించడానికి 1949లో భారత ప్రభుత్వం ప్రత్యేకశాసనం చేసినది. తిరిగివచ్చిన స్త్రీని ఇంటిలోనికి రానివ్వాలా వద్దా అనే మీమాంస ఎన్నో కుటుంబాలలో చెలరేగినది. అంటే రామాయణంలోని సీత ప్రశ్న పంజాబు వీధులలో మళ్ళీ లేచినదన్నమాట.

రాజిందర్ సింగ్ బేదీ లాజవంతి అనే కథలో ఆ ప్రశ్ననే తీసుకొన్నారు. అందులో సుందర్‌లాల్ భార్య అపహృత అయినది. అటువంటి స్త్రీలను హృదయాలలో నిలుపుకొండని అతడు ఊరంతా ప్రచారం చేస్తాడు. రాముడు సీతను విడిచిన ఘట్టాన్ని ధర్మంగా చెప్పేవారితో వాదిస్తాడు. చివరకు భార్య తిరిగివచ్చినది. పూర్వం ఆమెను కొట్టిన చేతితోనే ఇప్పుడు నమస్కరించి, దేవీ అని పిలుస్తాడు. ఆమెకు ఏమి జరిగినదో మాత్రం విననే వినడు. చెప్పుకోవాలని ఆమె గుండె కొట్టుకొంటుంది; దేవతకు చెప్పుకొనేందుకు ఏముంటుంది? ఇల్లు దొరికినది గాని పూర్వపు లాజో ఆమెకు దొరకలేదు. కథను తిరిగి చెప్పే ప్రతి రచయితకు ఇది హెచ్చరిక. పీఠమెక్కించిన స్త్రీకి పూజ దక్కుతుంది, మాట దక్కదు. మాట లేని పాత్రకు బలం ఎక్కడిది?

నన్నయ శకుంతల సంగతి చూస్తే ఆమెకు కవి ఇచ్చిన ప్రధానమైన ఆయుధం మాటే. పదకొండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో ఈ కథ తెలుగైనది. కాళిదాసు నాటకం అప్పటికే లోకప్రసిద్ధం. అందులో దుర్వాసుని శాపం ఉన్నది, ఉంగరం ఉన్నది. రాజు మరచినాడంటే అది శాపదోషమే గాని రాజు దోషం కాదు. ఆ నాటకంలోని శకుంతలకూ కోపం వస్తుంది, నిందిస్తుంది. అయినా ఆమెకు ఎదురునిలిచినది మనిషి కాదు, విధి. నన్నయ వ్యాసుని త్రోవనే పట్టినాడు. ఆ కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. గాంధర్వవివాహానికి ముందే శకుంతల తన కొడుకును యువరాజును చేయాలని రాజుచేత మాట తీసుకొన్నది. ఆ కొడుకుతో ఆమె సభకు వచ్చినప్పుడు రాజు ఎరిగి ఉండీ ఎరుగనంటాడు. ఇక్కడ ఎదురునిలిచినది అబద్ధం.

అబద్ధానికి జవాబుగా శకుంతల శపించలేదు, మహిమలు చూపలేదు. భార్య అంటే ఎవరో, కొడుకును కౌగిలించుకొన్న సుఖమెట్టిదో, సత్యమంటే ఏమిటో క్రమంగా చెప్పినది. నూరు బావులకన్న ఒక దిగుడుబావి, అటువంటి నూరింటికన్న ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకన్న ఒక కొడుకు, నూరుగురు కొడుకులకన్న ఒక సత్యవాక్యం మేలని ఆమె మెట్టుమెట్టుగా వాదాన్ని ఎక్కిస్తుంది. ఇది ఆశ్రమంలో పెరిగినదాని విద్య. ఆమె పెంపకానికి తగిన శక్తి కనుకనే చదువరి నమ్ముతాడు. రాజు కరగనప్పుడు ఆమె దుఃఖపడుతుంది కూడ; పుట్టినరోజుననే తల్లిదండ్రులు విడిచినారు, ఇప్పుడు భర్తా విడుస్తాడేమోనని తన బ్రతుకంతటినీ ఒక్కసారి తలచుకొంటుంది. ధైర్యం చెప్పే నోటనే ఈ దైన్యమూ పలకడంవలన శకుంతల ప్రతిమ కాక మనిషి అయినది.

తిక్కన ద్రౌపది మరొక విధమైన పరీక్షకు గురి అయినది. శకుంతలకు ఎదుట ఉన్నవాడు తనను కాదన్నవాడు. ద్రౌపది ఎదుట ఉన్నవారు తనవారే. రాయబారానికి బయలుదేరే కృష్ణునితో ధర్మరాజు సంధి మాట చెప్పినాడు. చివరకు భీముడు సైతం మెత్తబడినాడు. తాను చేసిన ప్రతిజ్ఞను భర్తే మరచినట్లు తోచిన క్షణంలో ద్రౌపది నోరువిప్పుతుంది. తన పుట్టుక, మెట్టిన వంశం, భర్తల పరాక్రమం, కొడుకుల బలం, కృష్ణుని తోబుట్టువు వరుస అన్నీ ఒక్కటొక్కటిగా లెక్కపెట్టి, ఇంతటిదాని జుట్టు ఒకడు పట్టి ఈడ్చగలిగినాడే అని ఆ వెండ్రుకలనే చూపుతుంది. పరువు ఎంత పెద్దదో ముందు చెప్పినందువలననే పరాభవం ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఆమె కోపానికి లెక్క ఉన్నది. ఆధారం ఆమె చేతిలోనే ఉన్నది.

పదిహేనవ శతాబ్దిలో పోతన చేతిలో సత్యభామ యుద్ధానికి దిగినది. సంస్కృత భాగవతంలో నరకాసురవధకు కృష్ణుడు సత్యభామను వెంట తీసుకొనిపోతాడు. ఆమె యుద్ధం చేయదు. పోతన ఆమెచేత విల్లు పట్టించినాడు. నేటి భాషలో చెప్పాలంటే మూలంలో లేని బలాన్ని అభిమాని పాత్రకు చేర్చినాడు. ఇటువంటి చేర్పు సాధారణంగా అతుకులబొంత అవుతుంది. పోతన చేసిన జాగ్రత్త గమనింపదగినది. యుద్ధానికి లేచిన సత్యభామ ముందుగా జడను ముడివేసుకొంటుంది, చీరకట్టు బిగించుకొంటుంది. అంతఃపురపు ముద్దరాలు ఇంతటి యుద్ధం ఎట్లా చేస్తుందనే సందేహాన్ని కవి దాచిపెట్టలేదు. దానిని కృష్ణుని నోటనే పలికించినాడు. యుద్ధంలో ఆమె ముఖం ఒకవైపు ప్రియునికి చంద్రునివలె, మరొకవైపు శత్రువుకు సూర్యునివలె కనబడుతుంది. వీరత్వంకోసం ఆమె స్త్రీత్వాన్ని విడువలేదు. రెండూ ఒక్క ముఖంలోనే ఉన్నాయి. నరకుని చివరకు చంపినది కృష్ణుడే. అయినా సత్యభామే నరకుని చంపినదని జనం చెప్పుకొంటారంటే ఆ పునఃకథనం ఎంత గట్టిగా నాటుకొన్నదో తెలుస్తుంది.

అదే సత్యభామను పదహారవ శతాబ్దిలో నంది తిమ్మన పారిజాతాపహరణంలో వేరొక వెలుగులో చూపినాడు. నారదుడు తెచ్చిన పారిజాతం కృష్ణుని చేతిమీదుగా రుక్మిణికి దక్కినది. ఆ కబురు విన్న సత్యభామ కోపగృహంలో చేరుతుంది. కాళ్ళమీద పడిన కృష్ణుని తలను ఎడమకాలితో తన్నుతుంది. జగన్నాథుని తన్నిన స్త్రీని చదువరులు ఎట్లా క్షమించినారు? ఆ వెంటనే ఆమె ఏడుస్తుంది గనుక. ఆ ఏడుపు తెలుగు సాహిత్యంలో కథలకెక్కినది. అహంకారం వెనుక ఉన్న భయాన్ని, తానిక ప్రియురాలు కానేమోననే భయాన్ని, తిమ్మన ముందే చూపినాడు. రాయలకు, రాణికి మధ్య వచ్చిన పొరపు తీర్చడానికి ఈ కావ్యం పుట్టినదని ఐతిహ్యం. అది నిజమైనా కాకున్నా, సత్యభామ అలుకలో సామాన్యుల ఇంటి గడప కనబడుతుందని ఆ ఐతిహ్యమే చెప్పుతున్నది. తరువాత కూచిపూడివారి భామాకలాపంలో ఆమె రంగస్థలమెక్కినది. చిరకాలం ఆ వేషం పురుషులే కట్టినారు. ఇరవయ్యవ శతాబ్దిలో వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషానికి దేశమంతటా కీర్తి తెచ్చినారు.

ఇంతవరకు చెప్పిన కవులందరు పురుషులు. వారు తాటాకులమీద ఈ పని చేస్తుండగా, ఇండ్లలో స్త్రీలు నోటిపాటగా మరొక రామాయణం నిర్మించుకొన్నారు. ఆ పాటలు చాలకాలం పండితుల దృష్టికి రాలేదు. 1955లో ఆంధ్రసారస్వత పరిషత్తు హైదరాబాదునుండి స్త్రీల రామాయణపు పాటలు అనే సంకలనాన్ని వెలువరించినది. 1991లో వెల్చేరు నారాయణరావుగారి వ్యాసం వాటిని ఆంగ్లపాఠకలోకానికి పరిచయం చేసినది.

ఆ పాటలలో ఊర్మిళాదేవి నిద్ర ముఖ్యమైనది. వాల్మీకి కావ్యంలో ఊర్మిళ పేరుకు మాత్రమే ఉన్నది. ఆమెను కవులు ఉపేక్షించినారని రవీంద్రనాథ ఠాకూరు వాపోయినారు. హిందీలో మైథిలీశరణ్ గుప్త 1931లో ప్రకటించిన సాకేత్ కావ్యంలో ఆమెకు స్థానమిచ్చినారు. తెలుగిండ్ల స్త్రీలు మాత్రం పాటలో ఆమెకు ఎప్పుడో గొంతునిచ్చినారు. పాటలో ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రపోతుంది. అరణ్యవాసం ముగించి వచ్చిన లక్ష్మణుడు పడకగదిలో ప్రవేశిస్తే ఆమె గుర్తించదు. పరాయి పురుషుడనుకొని బెదిరిస్తుంది. పరసతిని కోరినందుకు ఇంద్రుడు ఏమైనాడో, రావణుడు ఏమైనాడో చెప్పి హెచ్చరిస్తుంది. పాట పాడిన స్త్రీలు రామాయణ ఫలితాన్ని మార్చలేదు, లక్ష్మణుని ద్రోహిని చేయలేదు. భర్తను గుర్తింపలేని క్షణాన్ని మాత్రమే కల్పించినారు. ఆ ఒక్క క్షణంలో పదునాలుగేండ్ల ఎడబాటు అంతా కనబడుతుంది. నిద్రలేచిన మనిషి ఉలికిపాటు కనుక ఎవరూ కాదనలేరు. ఆ ఉలికిపాటులోనే భర్తను నిలువరించే అధికారం ఆమెకు దక్కినది.

గ్రంథస్థమైన కావ్యంలో ఇటువంటి సాహసం చేసిన స్త్రీ పద్దెనిమిదవ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని. రాధికాసాంత్వనంలో రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణునికిచ్చి పెండ్లిచేస్తుంది; ఆ పిల్లకు తగిన బుద్ధులు తానే చెప్పుతుంది; పిదప ఆ ఎడబాటును తానే సహింపలేకపోతుంది. పెద్దరికము, ఈర్ష్య, కోరిక ఒకే స్త్రీలో కలిసి ఉండడం లోకానికి తెలిసిన సత్యమే. దానిని స్త్రీ వ్రాయడమే కొందరికి కంటకమైనది. బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని 1910లో పరిష్కరించి ప్రకటింపజేయగా ప్రభుత్వం దానిని నిషేధించినది. టంగుటూరి ప్రకాశంపంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో ఆ నిషేధం తొలగినది. నమ్మశక్యమైన స్త్రీపాత్రకు కొన్నివేళల ఇంతటి మూల్యం చెల్లించవలసివస్తుంది.

పాశ్చాత్యదేశాలలోని అభిమానరచయితలు ఇదే చిక్కును మరొక దిక్కునుండి ఎదుర్కొన్నారు. స్టార్ ట్రెక్ అనే అమెరికా టెలివిజన్ కథామాలికను ప్రేమించినవారు, అందులో స్త్రీలు ప్రధానులు కాలేదని, సొంత కథలలో క్రొత్త నాయికలను ప్రవేశపెట్టినారు. ఆ నాయికలకు రాని విద్య లేదు, వారిని వలవని వీరుడు లేడు. 1973లో పౌలా స్మిత్ అనే రచయిత్రి ఆ ధోరణిని వెక్కిరిస్తూ చిన్న కథ వ్రాసినారు. అందలి నాయిక మేరీ సూ. పదిహేనున్నరేండ్ల వయసుకే నౌకాదళంలో లెఫ్టినెంటు. ఆ పేరు నాటినుండి ఆ దోషానికే పేరైనది. బేదీ కథలో దేవీ అనే పిలుపు చేసినదే ఇక్కడ సర్వశక్తి చేసినది. లోపం లేనిదానికి భయం లేదు. భయం లేనిదానికి ధైర్యం అవసరం లేదు. ఈ ఎత్తిపొడుపుకు మరొక పక్క కూడ ఉన్నది. పురుషవీరులకు ఇన్ని విద్యలూ ఉంటే ఎవరూ నవ్వలేదు. కాబట్టి స్త్రీపాత్ర బలాన్ని తగ్గించడం దీనికి మందు కాదు; ఆ బలం ఎక్కడనుండి వచ్చినదో చూపడమే మందు.

తెలుగులో ఈ పరంపరను నేటికాలానికి తెచ్చినవారిలో ఓల్గా ముఖ్యులు. విముక్త కథాసంపుటికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. అందులోని సమాగమం కథలో, వనంలో బిడ్డలను పెంచుకొంటున్న సీత, లక్ష్మణునిచేత ముక్కుచెవులు పోగొట్టుకొన్న శూర్పణఖను కలుసుకొంటుంది. శూర్పణఖ ఇప్పుడు ఒక తోటను పెంచుతున్నది. పోయిన రూపం తిరిగి రాలేదు. ఏ ఋషీ వరమీయలేదు. తన ముఖంమీద తనకే పుట్టిన ద్వేషాన్ని దాటి, మొక్కలను, మట్టిని ప్రేమించడానికి ఆమె ఎంత పోరాడినదో చెప్పుతుంది. సీత వింటుంది. లాజవంతికి దొరకని శ్రోత శూర్పణఖకు దొరికినది. వాల్మీకి చెప్పిన ప్రధానఘట్టాలను ఓల్గా తారుమారు చేయలేదు. ఆ ఘట్టాల తరువాత ఆ స్త్రీలు ఎట్లా బ్రతికినారో వెదకినారు. ఈ కల్పనకు విరోధులు లేకపోలేదు. పురాణపాత్రలమీద నేటి భావాలను రుద్దడం తగదని వారు అంటారు. ఆ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అయితే ప్రతియుగమూ తన ప్రశ్నలతోనే పాతకథ దగ్గరకు వెళ్ళినదని పోతన సత్యభామ, పాటలోని ఊర్మిళ సాక్ష్యమిస్తున్నారు. భావం నేటిదా నాటిదా అన్నదానికన్న, అది ఆ స్త్రీ అనుభవంలోనుండి పుట్టినదా, రచయిత ఉపన్యాసంలోనుండి పుట్టినదా అన్నదే గట్టి పరీక్ష.

ఈ వేయేండ్ల చరిత్రలో ఒక సామ్యం కనబడుతుంది. శకుంతల మాట గెలవడానికి చివరకు ఆకాశవాణి పలకవలసివచ్చినది. సత్యభామ చేతి విల్లు కృష్ణుని చేతికి తిరిగిపోయినది. శూర్పణఖ ముక్కుచెవులు మొలవలేదు. కథ ముగింపు చాలవరకు మూలకర్త చేతిలోనే ఉండిపోయినది. మళ్ళీ చెప్పినవారు ఆ ముడిని విప్పలేదు. ముడిలో చిక్కిన స్త్రీకి గొంతునిచ్చినారు. ఆమెకు ఆ బలం ఎక్కడిదో ముందుగా చూపినారు. ఆమె భయాన్ని, అసూయను, ఏడుపును దాచలేదు. సంకెల లేనట్లు వ్రాస్తే దానిని లాగే చేతి బలం కనబడదని వారందరికి తెలిసినట్లున్నది.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో దుష్యంతచరిత్రను తెరచిన అభ్యర్థిని రేపు ఒక అధికారిణి కావచ్చు. తన మాట నమ్మించుకోలేక బిడ్డతో గుమ్మంలో నిలిచిన స్త్రీ ఏదో ఒక రోజున ఆమె బల్ల ఎదుటికి వస్తుంది. శకుంతల పాత్రచిత్రణకు ఎన్ని మార్కులు వచ్చినవన్నది నాటికి ఎవరికీ జ్ఞాపకముండదు. ఎదుటి స్త్రీని దేవతను చేయక, దోషిని చేయక, చెప్పేదంతా వినే ఓర్పు ఆ చదువువలన అలవడితే నన్నయ శ్రమ ఫలించినట్లే. పాతకథను మళ్ళీ చెప్పబూనిన రచయితకు కావలసినదీ ఆ ఓర్పే.